పద్నాలుగు నిమిషాలు చాలన్న నా లెక్క

భద్రాచలం వెళ్ళొచ్చానని చెప్పగానే ఆఫీసులో ముగ్గురు చెయ్యి చాపారు, ప్రసాదం ఏదని. లేదన్నాను. మూడు రాత్రులు ఆ ఊళ్ళోనే పడుకుని, గుడి మెట్లెక్కకుండా తిరిగొచ్చినదాన్ని బహుశా నేనొక్కదాన్నే అయ్యుంటాను. మా అమ్మయితే తెనాలి నుంచి ఫోన్లోనే తిట్టిపోసింది. ఎందుకు వెళ్ళలేదో ఆమెకు ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు నా పనేంటో చెప్పాలి. భూమిలోకి బోరు దించేటప్పుడు అడుగున బిట్టు రాయిని కొరుకుతూ పోతుంది. కొరికిన ముక్కలు పైకి రాకపోతే బోరు పూడిపోతుంది. అందుకని బెంటోనైట్ మట్టి కలిపిన చిక్కటి నీళ్ళను బోలుగా ఉండే రాడ్లలోంచి పంపుతో కిందికి తోస్తారు. అవి బిట్టు దగ్గర బయటపడి, రాడ్డుకీ బోరు గోడకీ మధ్యనున్న సందులోంచి రాతి ముక్కల్ని మోసుకుంటూ పైకొస్తాయి. ఆ నీళ్ళను బోరు వేసే రిగ్గు మీద మడ్డు అంటారు. మడ్డు ఎంత చిక్కగా ఉండి ఎంత వేగంగా కదిలితే ముక్కలు ఎంతసేపట్లో పైకి చేరతాయో కంప్యూటర్లో లెక్కగట్టడం నా పని. ఎనిమిదేళ్ళుగా హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని అదే చేస్తున్నాను. ఆ ఎనిమిదేళ్ళలో నిజం రిగ్గు చూసింది రెండుసార్లు, అదీ ఫొటోలు దిగడానికి.

బొగ్గు ఎక్కడుందో వెతుకుతూ అడవి అంచున బోర్లు వేసే ఒక కాంట్రాక్టు కంపెనీ మా దగ్గరికి వచ్చింది. వాళ్ళ గొడవ సైదులు అనే డ్రిల్లరుతో. బోరు లోతు పెరిగేకొద్దీ రాడ్డు మీద రాడ్డు బిగిస్తూ పోవాలి. బిగించేముందు పంపు ఆపాలి. పంపు ఆగితే దారిలో ఉన్న ముక్కలు మళ్ళీ కిందికి జారతాయి కాబట్టి, ముందే వాటన్నిటినీ పైకి రప్పించి అప్పుడు ఆపాలి. ఇందుకోసం సైదులు ప్రతి రాడ్డుకీ బిట్టును ఆపేసి, నలభై నిమిషాలు ఉత్తినే మడ్డు తిప్పుతున్నాడట. కంపెనీవాళ్ళు తమ రికార్డుల్లోని అంకెలు పంపారు. నా మోడల్ పద్నాలుగు నిమిషాలు చాలంది.

ఇక వెళ్ళి, అక్కడ చేసి చూపించి, ఒక కాగితం మీద సంతకం పెట్టడమే మిగిలింది. ఆ సంతకంతో సైదులును రిగ్గు మీద నుంచి దించేస్తారు. బయల్దేరేముందే ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా నేను ఆలోచించింది నా పద్నాలుగు గురించే.

వైరా మీదుగా

ఖమ్మంలో రైలు దిగేసరికి పదిన్నర. ఎండ అప్పటికే నెత్తిన కూర్చుంది. కొత్తగూడెం బస్సులో నా పక్క సీటులో ఒక పెద్దావిడ, ఒళ్ళో మామిడికాయల సంచి. పేరు లక్ష్మమ్మ. ఆవిడ భర్త ముప్ఫై ఏళ్ళు ఇల్లెందు వైపు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడట. అక్కడ గనిని బాయి అంటారు. మొదట నేను నూతుల్లో పూడిక తీసే పనేమో అనుకున్నాను.

వైరాలో బస్సు ఆగితే చెరువు చేపల వేపుడు వాసన కిటికీలోంచి లోపలికొచ్చింది. దిగి రెండు ముక్కలు కొన్నాను, అరవై రూపాయలు. మా తెనాలిలో చేపకి మసాలా పట్టించి గంటసేపు ఊరనిస్తారు. ఇక్కడ కారం, ఉప్పు, అల్లం రాసి అప్పటికప్పుడు పెనం మీద వేశాడు. మాదే గొప్పనుకునే నేను ఇంకో రెండు కొనుక్కుని బస్సెక్కాను. ఎక్కి చూద్దును కదా, నా సీసా మూత ఊడి లాప్‌టాప్ సంచీ కింద నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి. నా ప్రాణం పైకే పోయింది. లక్ష్మమ్మగారు ఒక్క మాటనకుండా సంచీ లాక్కుని కొంగుతో తుడిచేసింది. అదృష్టం బాగుండి లోపలికి చెమ్మ దిగలేదు.

"గిందుల ఏముందని గంత పానం మీదికి తెచ్చుకున్నవ్ బిడ్డా?" అనడిగింది.

చెప్పాను. చేపముక్క చేతిలో పెట్టి మరీ, మడ్డు, రాడ్లు, పద్నాలుగు నిమిషాలు, సైదులు, అన్నీ చెప్పాను. ఆవిడ ముళ్ళు తీసుకుంటూ శ్రద్ధగా విన్నది.

"అయితే ఆయన నౌకరి పోతదా?"

"పోవచ్చు. పని దొంగతనం చేస్తే పోదా మరి?"

"ఆయనకు పిల్లలెంతమంది?"

"నాకేం తెలుసండీ?"

"ఎన్నేండ్ల సంది చేస్తుండు?"

అదీ తెలియదు.

"గింత దూరం ఒకాయన నౌకరి తీయనీకి పోతున్నవ్. ఆయన గురించి ఏం తెల్వదు. మంచిగనే ఉన్నది నీ సదువు" అంది. కోపంగా కాదు, మామిడికాయ ధర చెప్పినట్టు అంది.

నాకు చుర్రుమంది. నేను పోలీసును కాదు, లెక్క చెప్పేదాన్ని అని ఏదో అనబోయాను. ఇంతలో ఫోను. సైటు మేనేజరు రమణగారు. "మేడం, లెటర్ టైప్ చేయించి పెట్టాను. రేపు డెమో అవ్వగానే సైన్ చేసేస్తే మీకూ శ్రమ తప్పుతుంది" అన్నాడు. సరేనన్నాను. లక్ష్మమ్మగారు కొత్తగూడెంలో దిగుతూ రెండు మామిడికాయలు నా ఒళ్ళో పడేసింది.

భద్రాచలం

కొత్తగూడెంలో బస్సు మారాను. పాల్వంచ దాటాక రోడ్డుకు రెండువైపులా టేకు చెట్లు ఆకు రాల్చి నిలబడ్డాయి. సారపాక దగ్గర వంతెన ఎక్కితే కింద గోదావరి సగం ఇసుకే. వంతెన మీదే గోపురం వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాను, రేపు పనయ్యాక తీరిగ్గా వస్తానని చెప్పి.

లాడ్జీలో గది ఆరువందలు. ఫ్యాను తిరిగేదానికన్నా అరిచేది ఎక్కువ. కింద మెస్సులో ఒక కుటుంబం పొద్దున్నే పర్ణశాల పోవడానికి ఆటో మాట్లాడుకుంటోంది. నన్నూ రమ్మన్నారు, కిరాయి తలా ఇంత పంచుకుందామని. పని మీద వచ్చానన్నాను. "భద్రాచలంల పనేంది మేడం, దేవుడు తప్ప?" అని ఆ ఇంటాయన నవ్వాడు.

ఆ రాత్రి పడుకునేముందు అంకెలు మరోసారి సరిచూసుకున్నాను. పద్నాలుగే. హాయిగా నిద్రపట్టింది.

రిగ్గు దగ్గర

పొద్దున్నే కంపెనీ జీపు వచ్చింది. బూర్గంపాడు వైపు వెళ్ళి, తారురోడ్డు వదిలి, ఎర్రమట్టి బాటలో గంటసేపు. మధ్యలో ఒక కోయగూడెం. ఊరి బయట చదునైన నేల మీద బీడీలు చుట్టే తునికాకు కట్టలు వేలకొద్దీ వరసలుగా ఆరబెట్టి ఉన్నాయి. జీపు డ్రైవరు వాటి అంచునే చాలా మెల్లగా పోనిచ్చాడు. అక్కడి ఆడవాళ్ళు తమ భాషలో ఏదో అని నవ్వారు. నా టోపీని చూసేనని నాకు అనుమానం.

రిగ్గు గూడేనికి అరకిలోమీటరు. లారీ మీద నిలబెట్టిన ఇనుప స్తంభం, పక్కన పంపు, దాన్నుంచి రిగ్గు మీదికి పోయే లావుపాటి రబ్బరు పైపు, రెండు మడ్డు గుంటలు, రేకుల షెడ్డు. సైదులు యాభై దాటిన మనిషి. సన్నగా, నల్లగా, మోచేతుల దాకా ఎండిన మట్టి. నమస్తే పెట్టి, నా కుర్చీని ఎండలోంచి నీడలోకి జరిపాడు. దాంతో నాకు ఇబ్బందిగా అనిపించింది.

షెడ్డు పక్కన ఒక తెల్ల పట్టా పరిచి ఉంది. దానిమీద చిన్న చిన్న రాతిపొడి కుప్పలు వరసగా ఉన్నాయి. మూడు మీటర్లకొక కుప్ప. పైకొచ్చిన ముక్కల్ని జల్లెడ పట్టి, కడిగి, లోతు రాసి పెడతారు. అడుగున ఏ రాయి ఉందో దాన్నిబట్టే తెలుస్తుంది. ఒకటి తెలుపు, ఒకటి బూడిదరంగు, ఒకటి పసుపు.

"మేడం చెప్పిన టైమే. పద్నాలుగంటే పద్నాలుగు" అన్నాడు రమణగారు.

సైదులు నా వైపు చూశాడు. "మూడొందల మీటర్ల దగ్గరున్నం మేడం. గీడ మెత్త రాయి. జర సూడుండ్రి" అన్నాడు.

"లెక్కలో అదంతా ఉందండీ" అన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

మొదటి రాడ్డు. బిట్టు ఆపి, మడ్డు తిప్పుతూ, ఫోనులో పద్నాలుగు నిమిషాలు పెట్టాను. మోగింది. పంపు ఆపారు. రాడ్డు బిగించారు. మళ్ళీ పంపు వేశారు. ఏమీ కాలేదు. రెండోదీ అంతే. మూడో రాడ్డు తిరగడానికి కొద్దిగా మొరాయించినట్టుంది గానీ నేను పట్టించుకోలేదు. పన్నెండున్నరకి రమణగారు చప్పట్లు కొట్టినంత పనిచేశాడు. "చూశావా సైదులూ, సగం పొద్దుకి మూడు రాడ్లు!"

సైదులు పట్టా దగ్గరికెళ్ళి గొంతుక్కూర్చుని కుప్పల్ని వేలితో కెలుకుతున్నాడు.

సమ్మక్క పాక

భోజనం గూడెం చివర సమ్మక్క పాకలో. రిగ్గు వాళ్ళందరికీ ఆమే వండుతుంది, ఎనభై రూపాయలకి కడుపునిండా. అన్నం, చింతచిగురు పప్పు, ఎండుచేపల కూర, పచ్చిపులుసు. మా ఇంట్లో పచ్చిపులుసంటే కాల్చిన వంకాయ పిసికి వేయాల్సిందే. ఇక్కడ చింతపండు నీళ్ళలో ఉల్లిపాయ, కాల్చిన పచ్చిమిర్చి, అంతే. ఆ ఎండకి అదే బాగుంది. మూడుసార్లు పోయించుకున్నాను.

సైదులు నాకెదురుగా కూర్చున్నాడు. బస్సులో ఆవిడ మాట మనసులో మెదిలి, పిల్లలెందరని అడిగాను.

"ఇద్దరు బిడ్డలు మేడం. పెద్దది ఖమ్మంల దవాఖానాల నర్సు. చిన్నది డిగ్రీ సదువుతున్నది."

"ఎన్నాళ్ళయింది ఈ పనిలో?"

"ఇరవై ఆరేండ్లు. ఆరేండ్లు హెల్పరుగ, మిగిలినయి గీ లీవరు మీదనే. మా నాయిన బాయిల చేసిండు. నాకు లోపలికి దిగాల్నంటే భయం. గందుకే పైనుంచి పొడుస్తున్న." నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "మేడం, కోపానికి రావొద్దు. జర ఇంకో ఇరవై నిమిషాలు తిప్పుదమా? పట్టా మీద కుప్పలు తక్కువగున్నయి. మూడు రాడ్లు దించినం, రెండు రాడ్ల పొడి గూడ రాలే" అన్నాడు.

ఇంత స్పష్టంగా చెప్పాడు. నేను కంప్యూటరు తెరిచి, రంగురంగుల బొమ్మ చూపించాను. అందులో ముక్కలన్నీ చక్కగా పైకి పోతున్నాయి. చాలాసేపు చూశాడు. "మంచిగున్నది" అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

సమ్మక్క నా విస్తరి తీస్తూ, "సైదులన్న ఊకెనే అడగడక్కా" అంది. ఆమెకు మడ్డు గురించి తెలియదు. సైదులు గురించి తెలుసు.

నాలుగో రాడ్డు

రెండింటికి నాలుగో రాడ్డు. పద్నాలుగు నిమిషాలు. పంపు ఆగింది. రాడ్డు బిగించారు. పంపు వేశారు.

మడ్డు పైకి రాలేదు. ప్రెషరు ముల్లు లేచింది. రాడ్డు తిప్పితే తిరగలేదు, ఎత్తితే కదల్లేదు. ఇంజను గొంతు మారింది. ఆ క్షణంలో సైదులు చూసింది ముల్లు వైపు కాదు, పంపు నుంచి వచ్చే రబ్బరు పైపు వైపు. ఒక్క అరుపు అరిచాడు, "పంపు బంద్! అందరు ఎనకకు జరుగుండ్రి!"

మూడొందల మీటర్ల ఇనుము భూమిలో ఇరుక్కుపోయింది. బలవంతంగా లాగితే రాడ్డు తెగుతుంది, లేదా పైన ఇనుపతాడు తెగి కొడుతుంది. తాడు తెగిందంటే ముందు తగిలేది లీవరు దగ్గర నిలబడ్డవాడికే. అక్కడున్నది సైదులు. నేను షెడ్డులో లేను, ఎండలో నిలబడ్డానని కూడా తెలియలేదు. టోపీ ఎక్కడో పడిపోయింది.

అతను తొందరపడలేదు. పంపును అతి మెల్లగా వేయడం, ముల్లు లేవగానే ఆపడం. రాడ్డును వేలెడు ఎత్తడం, వేలెడు దించడం. ఎడమచెయ్యి రాడ్డు మీదే ఉంచి, లోపలి అదురును వింటున్నాడు. రమణగారు ఫోనులో ఎవరికో చెబుతున్నాడు, "ఆపరేటర్ మిస్టేక్ సార్, రాడ్ బిగించడంలో లేట్ చేశాడు." అది పచ్చి అబద్ధం. రాడ్డు ఎప్పట్లాగే బిగించారు. నేను పక్కనే నిలబడి విన్నాను. నోరు తెరవలేదు. ఎందుకు తెరవలేదంటే, అతని తప్పు కాకపోతే అది నా తప్పు కాబట్టి.

మూడు గంటలు పట్టింది. ఐదు దాటాక రాడ్డు ఒక్కసారి విదిలించుకున్నట్టు తిరిగింది. సందులోంచి ముందు బుడగలు, తర్వాత మడ్డు, దాంతోపాటు రాతిపొడి గంపలకొద్దీ పడింది. హెల్పర్లు ఈలలు వేశారు. సైదులు లీవరు వదిలి, ఆ పొడిని గుప్పెడు తీసి కడిగి, నా అరచేతిలో పోశాడు. తెల్లగా ఉంది.

"ఇప్పుడు మనమున్నది బూడిదరంగు రాతిల. గీ తెల్లది పొద్దుగాల మొదటి రాడ్డుది మేడం. ఇప్పటిదాంక పైకి రానేలే."

చేతిలో ఉన్నదాన్ని కాదనలేను కదా. పొద్దున ఎనిమిదింటికి కొరికిన రాయి, నా లెక్క ప్రకారం పద్నాలుగు నిమిషాల్లో పట్టా మీదికి రావాల్సింది, సాయంత్రం ఐదింటికి నా చేతిలోకొచ్చింది. మూడుసార్లూ ఏమీ కాలేదనుకున్నాను. మూడుసార్లూ ముక్కలు లోపలే పోగుపడుతున్నాయి.

డ్రమ్ము

లాడ్జీలో ఆ రాత్రి అన్నం సయించలేదు. మోడల్లో తప్పెక్కడో దొరకలేదు. మడ్డు చిక్కదనం సరే, బోరు వెడల్పు సరే, రాయి బరువు సరే. మిగిలింది ఒక్కటే, పంపు నిమిషానికి ఎన్ని లీటర్లు తోస్తోందన్నది. రికార్డులో రోజూ నాలుగువందలనే ఉంది. రెండు నెలలపాటు ఒక్కరోజు కూడా అంకె మారలేదు. మారకపోవడం చూసి ఎంత నికరంగా నడుపుతున్నారో అని మురిసిపోయానే గానీ, అనుమానపడలేదు. ఏ పంపయినా రెండు నెలలు ఒకేలా ఉంటుందా?

మర్నాడు ఏడింటికల్లా రిగ్గు దగ్గరున్నాను. రమణగారు ఇంకా రాలేదు. "సైదులుగారూ, బోరులోంచి తిరిగొచ్చే మడ్డును కొలవాలి. ఎట్లా?" అనడిగాను.

ఆయన నన్ను ఒక నిమిషం చూసి, రెండువందల లీటర్ల ఖాళీ డ్రమ్ము తెప్పించాడు. బోరు నుంచి గుంటలోకి మడ్డు పారే కాలవకు రేకు అడ్డం పెట్టి, మడ్డంతా డ్రమ్ములో పడేట్టు చేశాడు. నాలుగువందలయితే ముప్ఫై సెకన్లలో నిండాలి. ఫోను పట్టుకుని నిలబడ్డాను. ముప్ఫై అయింది, డ్రమ్ము సగమే. నిండేసరికి అరవై ఒకటి. మళ్ళీ పెట్టాం. అరవై.

"సగం రాయి తాగేస్తోందా?" అన్నాను.

"రాయి కాదు మేడం" అని పంపు వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడొక చిన్న వాల్వు. సగం తెరిచి ఉంది. దాన్నుంచి మడ్డు తిరిగి గుంటలోకే దూకుతోంది. పంపు తోసేది నాలుగువందలే. అందులో రెండువందలు బోరులోకి పోకుండానే వెనక్కొస్తున్నాయి.

"గీ రబ్బరు పైపు పాతది. వాల్వు మొత్తం మూస్తే పగులుతది. పోయినేడు పక్క రిగ్గుల గిట్లనే పగిలి ఒకాయన చెయ్యి ఇరిగింది. కొత్తది కావాల్నని మూడుసార్లు అడిగినం. రాలే. అప్పటిసంది సగం తెరిచి నడుపుతున్నం. నేనొక్కన్నే కాదు, మా రిగ్గులన్నిటి మీద గిట్లనే."

"మరి రికార్డులో నాలుగువందలని ఎవరు రాస్తున్నారు?"

"నేనే. పంపు ప్లేటు మీద ఏముంటే అదే రాస్తం. ఎప్పటిసందో గదే అలవాటు. వాల్వు తెరిచిన్నని రాస్తె నౌకరి పోతది. రూలు ఒప్పది."

"అందుకనే నలభై నిమిషాలా?"

"అవ్. నీళ్ళు తక్కువైతె సేపు ఎక్కువ తిప్పాలె గద."

"నాకు నిన్ననే చెప్పొచ్చు కదండీ!" అని అరిచాను. నిజంగానే అరిచాను. హెల్పర్లు తలెత్తి చూశారు.

"మీరు అడగలే మేడం" అన్నాడు సైదులు.

అక్కడే బోరు పక్కన గట్టు మీద కూర్చుని కంప్యూటరు తెరిచాను. నాలుగువందల చోట రెండువందలు పెట్టి నడిపాను. నీళ్ళు సగమైతే సమయం రెండింతలు అవుతుందనుకుంటారు ఎవరైనా. కానీ ముక్క ఊరికే ఉండదు, పైకి మోస్తున్నంతసేపూ తన బరువుకి కిందికి జారుతూనే ఉంటుంది. ఎదురుగాలిలో సైకిలు తొక్కేటప్పుడు బలం సగానికి తగ్గితే ముందుకు పోవడమే గగనమైనట్టు. కంప్యూటరు నలభై మూడు నిమిషాలంది.

ఎనిమిదేళ్ళ అనుభవమూ, అంత ఖరీదైన సాఫ్ట్‌వేరూ చెప్పింది ఆయన రోజూ చేస్తున్నదే. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఆయనకు తెర తిప్పి చూపించాను. "నలభై అయితె కొంచెం తక్కువనే తిప్పుతున్నన్నట్టు" అని ఆలోచనలో పడ్డాడు.

కాగితం

తొమ్మిదింటికి రమణగారు వచ్చాడు. చేతిలో టైపు చేసిన కాగితం. రాత్రికి రాత్రే మార్చారు. పద్నాలుగు నిమిషాల పద్ధతి సరైనదనీ, నిన్నటి ప్రమాదం ఆపరేటరు నిర్లక్ష్యమనీ ఉంది. కింద నా పేరు, సంతకానికి ఖాళీ.

నేను సంతకం పెట్టనన్నాను. ఎందుకని అడిగాడు. చిక్కు అక్కడే వచ్చింది. వాల్వు సంగతి చెబితే సైదులు పని గోవిందా. చెప్పకపోతే నా పద్నాలుగు కాగితం మీద బతికే ఉంటుంది, రేపు మిగతా రిగ్గుల మీద కూడా నడుపుతారు. అక్కడా పాత పైపులే, అక్కడా సగం తెరిచిన వాల్వులే. అక్కడ సైదులంత ఓపికగలవాడు లీవరు దగ్గర ఉంటాడో లేదో.

"మేడం, పైనుంచి రోజుకి నాలుగుసార్లు ఫోన్లు. బోర్లు ఎన్నయినయని అడుగుతారు గాని ఎట్లయినయని అడగరు. నా ఇబ్బంది కూడా చూడండి" అన్నాడు రమణగారు. ఆయన ముఖం కూడా నిద్రలేక పీక్కుపోయి ఉంది.

రిగ్గు రిజిస్టరు తీసుకుని నా చేత్తో రాశాను. బోరులోంచి తిరిగొచ్చే మడ్డును కొలవకుండా లెక్క వేశాననీ, పద్నాలుగు నిమిషాలు తప్పనీ, నిన్న రాడ్లు ఇరుక్కోవడానికి కారణం ఆ లెక్కేననీ, డ్రిల్లరు తప్పేమీ లేదనీ, ఇకమీదట ప్రతి రిగ్గు మీదా డ్రమ్ముతో కొలిచాకే సమయం నిర్ణయించాలనీ. సంతకం పెట్టాను. వాల్వు మాట రాయలేదు. తెలివిగా తప్పించుకున్నానని లోలోపల అనుకున్నాను కూడా. డ్రమ్ముతో కొలిస్తే ఎంత పోతోందో తెలుస్తుంది, ఎందుకు పోతోందో ఎవరూ అడక్కపోతే చాలు.

"ఇట్ల రాస్తే మీ ప్రాజెక్టు రెన్యువల్ కష్టం మేడం" అన్నాడు రమణగారు. నాకు తెలుసన్నాను.

సైదులు రిజిస్టరు అందుకున్నాడు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ చదివాడు. చదివి, నా పెన్ను అడిగాడు. నా సంతకం కింద రాయడం మొదలుపెట్టాడు. నేను వంగి చూశాను. "పైపు పాతది. పగులుతదని వాల్వు సగం తెరిచి నడిపింది నేనే. రికార్డులో నాలుగొందలని రాసింది నేనే. సైదులు, డ్రిల్లరు."

"ఏం చేస్తున్నారండీ! మీకోసమే నేను అది వదిలేశాను" అన్నాను.

"తెలుసు మేడం. మీరు మీది రాసిన్రు. నాది నేను రాయకపోతె, నా తర్వాత గీడికి వచ్చేటోనికి వాల్వు సంగతి తెల్వదు. వాడు మూసి నడుపుతడు. పైపు వాని మొఖం మీద పగులుతది" అన్నాడు. పెన్నుకు అంటిన మట్టి చొక్కాకి తుడిచి నా చేతికిచ్చాడు.

రమణగారు రెండూ చదివాడు. ఫొటో తీసి పైకి పంపాడు. తునికచెట్ల వైపు నడుచుకుంటూ పోయి చాలాసేపు ఫోనులో మాట్లాడాడు. తిరిగొచ్చి సైదులు ముఖం చూడకుండా, "రేపటిసంది సామాను యార్డుకు పో. ఆర్డరొచ్చేదాంక రిగ్గెక్కకు" అన్నాడు.

"ఎక్క సార్. గీ రాడ్డొక్కటి దించి పోత" అన్నాడు సైదులు. ఎవరూ వద్దనలేదు. అతను మడ్డు తిప్పుతున్నంతసేపూ నేను షెడ్డులో వెనక్కి తిరిగి కూర్చున్నాను. నా ఏడుపు హెల్పర్లకు కనిపించడం నాకిష్టం లేదు.

తిరిగి వచ్చాక

ఆ రోజంతా పనులకే సరిపోయింది. నాలుగోరోజు పొద్దున బస్సెక్కాను, గుడికి పోలేదు. మా అమ్మకు ఇదే జవాబు. దేవుడి ముందు నిలబడి ఏం అడగాలో నాకు తెలియలేదు.

వారానికి ఫోను చేస్తే కొత్త పైపులు వచ్చాయన్నారు, నాలుగు రిగ్గులకూ. వాల్వులన్నీ మూసి నడుపుతున్నారట. మా ప్రాజెక్టు ఆశ్చర్యంగా ఆగలేదు, మళ్ళీ కొత్తగా లెక్కలు వేసి పంపమన్నారు. సైదులు మాత్రం యార్డులోనే ఉన్నాడు, రాడ్లకు గ్రీజు రాస్తూ. అతనికీ ఫోను చేశాను. "నీడపట్టున ఉన్న మేడం, మంచిగనే ఉన్నది" అన్నాడు.

నిన్న ఆ కొత్త ఫైలు పూర్తిచేశాను. మా మోడల్లో వాడే ప్రతి అంకె పక్కనా అది ఎవరిచ్చిందో రాయడానికి ఒక గడి ఉంటుంది. ఎనిమిదేళ్ళుగా నేను అందులో పంపు ప్లేటనో, రికార్డనో కొడుతున్నాను. ఈసారి ఆ రోజు డ్రమ్ముతో పట్టిన మడ్డు కొలత పక్కన సైదులు అని కొట్టి, హోదా దగ్గర ఆగాను. రిగ్గు మీద లేని మనిషిని ఏమనాలి? కంపెనీవాళ్ళు ఇది చదువుతారు. చదవనీ అనుకుని, డ్రిల్లరు అని కొట్టి పంపించాను.